సామాను ఎవరు కడతారు, ఎన్ని చేతులు మారుతుంది: ఇల్లు మారేవారి కోసం రవాణా సేవల సమీక్ష

ఇల్లు మారేవారికి దొరికే సేవలన్నీ ప్యాకర్స్ అండ్ మూవర్స్ అన్న ఒకే పేరుతో చలామణీ అవుతున్నా, వాటి పని తీరులో ఎంతో తేడా ఉంది. చాలామంది ముందు దూరాన్ని, తరువాత ధరను చూసి సంస్థను ఎంచుకుంటారు. నా దృష్టిలో అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: సామానును కట్టేది ఎవరు, పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి చేరేలోగా అది ఎన్నిసార్లు ఎక్కి దిగుతుంది.

పూర్తి స్థాయి సేవలో అట్టపెట్టెలు, బబుల్ ర్యాప్ తెచ్చుకోవడం మొదలుకొని మంచాలు, బీరువాలు విప్పి కొత్త ఇంట్లో మళ్లీ బిగించడం వరకు అన్నీ సంస్థ మనుషులే చేస్తారు. ఇది ఖరీదైనదే కానీ, ఆ డబ్బుతో మనం కొనుక్కునేది శ్రమ తగ్గింపు మాత్రమే కాదు, బాధ్యత కూడా. యజమాని స్వయంగా కట్టిన పెట్టెలో గాజు సామాను పగిలితే, పెట్టె పైకి చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు సాధారణంగా రవాణా సంస్థ గానీ బీమా సంస్థ గానీ పరిహారం ఇవ్వదు. అందుకే టీవీ, అద్దాలు, పింగాణీ వంటివి సంస్థ చేత కట్టించి, బట్టలు, పుస్తకాలు, వంటపాత్రలు మనమే కట్టుకునే పాక్షిక ప్యాకింగ్ చాలా కుటుంబాలకు సరిపోతుందని నా అభిప్రాయం. పుస్తకాలను మాత్రం చిన్న పెట్టెల్లోనే సర్దాలి. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు పెడితే ఎంత బలమైన హమాలీకైనా అది లేవదు, లేచినా అడుగు ఊడిపోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా పరిశీలించవలసినది ఒకే లారీలో పలువురి సామానును కలిపి పంపే పార్ట్ లోడ్ పద్ధతి. ఆక్రమించిన జాగాకే చెల్లిస్తాం కనుక, ఒకటి రెండు గదుల సామాను దూరప్రాంతానికి పంపేవారికి ఇది నిజంగానే చవక. అయితే లారీ నిండేదాకా సామాను గోదాములో ఆగవచ్చు, దారిలో మరో లారీలోకి మారవచ్చు. ఎక్కించి దించిన ప్రతిసారీ దెబ్బ తగిలే, తారుమారయ్యే అవకాశం పెరుగుతుంది. పైగా చేరే తేదీని కచ్చితంగా చెప్పరు, ఫలానా రోజుల మధ్య అంటారు. చివరిదాకా ఒకే వాహనమేనా, ప్రతి పెట్టెకూ సంఖ్య వేస్తారా, ఇతరుల సామానుతో కలవకుండా ఎలా వేరుచేస్తారు అన్న ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబివ్వని సంస్థను వదులుకోవడమే మేలు. పరుపు లేకుండా వారం గడపలేని కుటుంబానికి, పిల్లలూ వృద్ధులూ ఉన్న ఇంటికి ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను. వారికి తమ సామాను మాత్రమే తీసుకువెళ్లే ప్రత్యేక వాహనమే తగినది.

వాహనాన్ని అద్దెకు తీసుకుని స్వయంగా నడుపుకోవడం, లేదా ఎత్తి దించడానికి మాత్రమే మనుషులను పెట్టుకోవడం, దగ్గరి దూరానికీ తక్కువ సామానుకీ పనికివస్తాయి. కూలీ గంటల లెక్కన ఉంటే, లిఫ్టు లేని మేడ ఎక్కవలసి వచ్చినప్పుడు ఆ చవకదనం మెట్ల మీదే కరిగిపోతుంది.

ఇంటి ముందు కంటెయినర్‌ను నిలిపి, మనం నింపాక తీసుకువెళ్లే సేవ దొరికే చోట, సామాను ఒకసారి ఎక్కి ఒకసారే దిగుతుంది కనుక నా రెండో ప్రమాణం ప్రకారం దానిది మొదటి స్థానం. పాత ఇల్లు ఖాళీ చేయడానికీ కొత్త ఇల్లు చేతికి రావడానికీ మధ్య వ్యవధి ఉన్నవారికి అదే గోదాముగా కూడా పనికివస్తుంది. విదేశాలకు ఓడలో పంపేటప్పుడు 20 అడుగుల కంటెయినర్‌లో సుమారు 33 ఘనపు మీటర్ల జాగా ఉంటుంది. అందులో సగమైనా నింపలేనివారు ఇతరులతో కలిపి పంపడాన్ని కూడా లెక్కవేసి చూడాలి. ముడి కలపతో చేసిన ప్యాకింగ్ పెట్టెలు వాడితే, అవి కలప ప్యాకింగ్‌కు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌పీఎం 15 ప్రకారం పురుగు నివారణ ప్రక్రియ పూర్తయి, ఆ ముద్ర వేసినవై ఉండాలి. విమానంలో మాత్రం ఒక ఘనపు మీటరును సాధారణంగా 167 కిలోలుగా లెక్కించి, అసలు బరువు అంతకన్నా తక్కువైనా ఆ లెక్కనే వసూలు చేస్తారు కాబట్టి, దిండ్లు, దూది పరుపులు పంపడం శుద్ధ దండగ.

ఏ రకాన్ని ఎంచుకున్నా, ఇంటికి వచ్చి గానీ వీడియోలో గానీ సామాను చూడకుండా, గదుల సంఖ్య విని ఫోనులోనే ధర చెప్పేవారిని నమ్మరాదు. అటక మీది సామాను, బాల్కనీలోని కుండీలు ఆ ధరలో చేరవు, చివరి రోజున అదనపు ఖర్చుగా తేలుతాయి. చెప్పిన ధర ఖాయమైనదా, అంచనా మాత్రమేనా అన్నది కాగితం మీద ఉండాలి. పరిహారాన్ని బరువు లెక్కన కట్టే ఒప్పందమైతే, తేలికైన, ఖరీదైన ల్యాప్‌టాప్‌కు వచ్చేది నామమాత్రమే. విలువ ప్రకటించి తీసుకునే ట్రాన్సిట్ బీమా, అంటే రవాణాలో జరిగే నష్టానికి బీమా, వేరుగా అడగాలి. వస్తువుల జాబితాలో ఒక్కొక్కదానిపై అప్పటికే ఉన్న గీతలు, సొట్టలు ఎక్కించేముందే రాయించాలి. దించిన తరువాత సంఖ్యలు సరిచూసి, తేడాలుంటే అదే కాగితం మీద నమోదు చేయించాకే సంతకం పెట్టాలి. లారీ కదిలిపోయాక చేసే ఫిర్యాదును నిరూపించడం చాలా కష్టం.