వెయిట్ లిఫ్టింగా, కబడ్డీయా: నాయకత్వం నేర్పేది ఏది?

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచిన వెయిట్ లిఫ్టింగ్‌లో స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అనే రెండు రకాల ఎత్తుల్లో ఒక్కోదానికి మూడే అవకాశాలుంటాయి కనుక, తర్వాతి బరువెంతో తేల్చుకోవడం సొంత పెట్టుబడి పెట్టేవారికి కావలసిన లెక్కనే నేర్పుతుంది. మన వీరఘట్టం బలశాలి కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ కంపెనీనే నడిపారు.

కబడ్డీలో ఏడుగురూ కలిసి కాయాలి. పట్టు తప్పినవాడిని తిట్టకుండా మళ్లీ వరుసలో నిలబెట్టగల కెప్టెన్‌కు గ్రామసభ కొత్తగా అనిపించదు కాబట్టి, ఊరి పనులకు నేను దీనివైపే మొగ్గుతాను.

అయితే జట్టు ఆట ఆడిన ప్రతివారికీ ఆ గుణం అబ్బదు: 1936 ఇంగ్లండ్ పర్యటనలో భారత క్రికెట్ కెప్టెన్‌గా ఉన్న విజయనగరం రాజవంశీకుడు విజ్జీ, జట్టులోని ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే స్వదేశానికి పంపించిన తీరు నేటికీ విమర్శలకు గురవుతున్నా, ఆయనే తర్వాత క్రికెట్ బోర్డు అధ్యక్షుడు, లోక్‌సభ సభ్యుడు కూడా అయ్యారు.