14416: మొదటి ఫోను సరే, రెండో ఫోను సంగతేంటి?

ఫోనులోనే మానసిక సాయం అందించే టెలీ మానస్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టింది. 14416కు ఫోను చేస్తే డబ్బు తీసుకోరు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. బటన్ల ఫోను చాలు. ఇచ్ఛాపురం నుంచో కవిటి నుంచో శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వచ్చి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అవుతాయి. పైగా "ఎందుకెళ్లావు?" అని అడిగేవాళ్లకు ఏదో ఒకటి చెప్పుకోవాలి. ఈ మూడు బాధలూ తప్పిస్తుంది కనుక, మొదటి మెట్టుగా దీనికి ఐదుకి నాలుగున్నర.

చిక్కంతా రెండో మెట్టు దగ్గర, అంటే మళ్లీ ఫోను చేసి కొనసాగించడం దగ్గర. మానసిక చికిత్స మొదలుపెట్టి మధ్యలో ఆపేసేవాళ్లు ప్రపంచమంతటా ఎక్కువే. 1993లో 125 అధ్యయనాలను కలిపి చూస్తే సగటున 47 శాతం మంది మానేసినట్టు తేలింది. 2012లో 669 అధ్యయనాల లెక్కలో అది ఇరవై శాతానికి దగ్గరగా వచ్చింది. చిన్న వయసువాళ్లు ఎక్కువగా ఆపేస్తున్నారు. ఎన్ని సెషన్లో ముందే గడువు పెట్టుకున్న చికిత్సల్లో మానేయడం తక్కువ. ఈ చివరి సంగతి మన జిల్లాలకు బాగా పనికొస్తుంది. "రండి, చూద్దాం" అంటే ఎవరూ రారు. "వారానికొకటి చొప్పున ఎనిమిది, నాలుగోదాని తర్వాత ఎలా ఉందో కలిసి చూసుకుందాం" అంటే వస్తారు. కాబట్టి మొదటి ఫోనులోనే "ఇది ఎన్ని వారాల పని?" అని మీరే అడగండి.

మానేయడం వెనక మనిషికి తన మీద తనకున్న నమ్మకం పెద్ద పాత్రే పోషిస్తుంది. సిగ్గు, దూరం, ఖర్చు మనకు కనబడతాయి, ఇది కనబడదు. ఉద్దానంలో భర్తను డయాలిసిస్‌కు తిప్పుతున్న ఇల్లాలిని అనుకోండి. నిద్ర లేదు, గుండె దడ. కౌన్సెలరు "రోజూ అరగంట నడవండమ్మా, మనసులోవన్నీ పుస్తకంలో రాయండి" అని చెప్పి పెట్టేస్తే, వారం తిరిగేసరికి ఆ రెండూ జరగవు. "ఏటి సెప్పమంటారు బాబూ, నా వల్ల అవదు" అంటుంది. మళ్లీ ఫోను చేస్తే చేయలేదని ఒప్పుకోవాలి, అందుకే చేయదు. చికిత్స మీద కోపమేమీ ఉండదు, తను ఓడిపోయాననుకుంటుంది, అంతే.

ఇలాంటి నమ్మకం ఎక్కడ్నుంచి వస్తుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో నాలుగు దారులు చెప్పాడు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు నెగ్గగా చూడడం, ఇతరులు ధైర్యం చెప్పడం, ఒంట్లో దడా నీరసమూ తగ్గడం. వీటిలో మొదటిదే బలమైనది. మన దగ్గర ఎక్కువగా వాడేది మాత్రం మూడోది. "నువ్వు చేయగలవు" అని పదిసార్లు చెప్పినా, చేతికందని పని అప్పజెప్పాక ఆ మాటకు విలువుండదు.

అందుకే పని సైజు తగ్గించాలి. ఏ పనైనా ఒప్పుకునేముందు, పదిలో ఎంత నమ్మకముందో చెప్పాలి. పెద్దవాళ్లనైతే పదహారణాల్లో ఎన్నణాలని అడిగితే ఠక్కున చెబుతారు. పదికి ఏడు లేకపోతే, అణాల్లో పన్నెండు లేకపోతే, ఆ పని ఒప్పుకోవద్దు, సగానికి తగ్గించమనండి. ఆ ఇల్లాలికి అరగంట నడక ఎందుకు? డయాలిసిస్ లేని రోజుల్లో, సాయంత్రం దీపం పెట్టాక, పెరట్లో కొబ్బరి చెట్టు కింద ఐదు నిమిషాలు కూచోవడం. చేసిన రోజున గోడ క్యాలెండరులో తేదీ మీద పెన్సిలుతో చిన్న గీత. వారానికి మూడు గీతలు పడితే చాలు. ఆ మూడు గీతలే రెండో ఫోను చేయిస్తాయి.

క్యాలెండరు గీతల తర్వాత రెండో ఆధారం పీహెచ్‌క్యూ-9, దిగులు ఎంతుందో కొలిచే ప్రశ్నల పట్టిక. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది కాబట్టి పదిహేను రోజులకోసారి నింపాలి. ఐదు మార్కులు తగ్గితే నిజంగా మెరుగుపడ్డట్టే లెక్క. దిగులులో ఉన్నవాళ్లకు తమలో వచ్చిన మార్పు తమకే ఆనదు. 18 నుంచి 13కు దిగిందని కాగితం మీద చూసుకుంటే "ఏం లాభం" అన్న మాట వెనక్కి తగ్గుతుంది. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాక ఇంకేం వచ్చినా అప్పటికప్పుడే కౌన్సెలరుకు చెప్పాలి. ప్రాణం మీదికొస్తే 108.

ఇక ఈ సేవకు మార్కులు తగ్గేది ఇక్కడే. ఇది హెల్ప్‌లైన్, వారంవారం చికిత్సకు కట్టింది కాదు. మళ్లీ చేసినప్పుడు ఎత్తేది మరో కౌన్సెలరు కావచ్చు. కథంతా మొదట్నుంచీ చెప్పుకోవడం, నమ్మకం తక్కువున్న మనిషికి కొండెక్కినంత పని. అందుకని ప్రతి ఫోను చివర మూడు ముక్కలు చీటీ మీద రాసుకోండి: ఏ పని ఒప్పుకున్నారు, పీహెచ్‌క్యూ-9లో ఎన్ని మార్కులు వచ్చాయి, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి. తర్వాత ఎవరు ఎత్తినా ముందు అది చదివేయండి. ఇంట్లో చాటు లేకపోతే చెరువుగట్టు మీదికో మేడ మీదికో వెళ్లండి, గుసగుసగా మాట్లాడితే సగం సంగతి లోపలే ఉండిపోతుంది. కొనసాగింపుకి ఐదుకి రెండున్నర.

కుదురైన చికిత్స కావాలంటే, దగ్గర్లోని మనోవైద్య విభాగానికి పంపమని ఆ ఫోనులోనే అడగండి. పై మెట్టులో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, వైద్య కళాశాలల నిపుణులు ఉంటారు. తేదీ వేసుకునేటప్పుడు ఊడుపులు, కోతలు, విజయనగరంలో అయితే సిరిమాను పండుగ వారం వదిలేయండి. ఆ రోజుల్లో తప్పిన సెషనుకు, "ఎలాగూ తప్పింది కదా" అని పూర్తిగా మానేసేవాళ్లున్నారు. మందులు వాడుతుంటే మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపొద్దు.

మానేయాలనిపిస్తే, అదే మాట చెప్పడానికి ఒక్క ఫోను చేయండి: "ఇచ్చిన పని చేయలేకపోయాను, ఇంకా చిన్నది ఇవ్వండి." పని తెలిసిన కౌన్సెలరు ఈ మాట వింటే తప్పుపట్టరు, వెంటనే కొత్త పని కొలత వేస్తారు.