ఓడిన సైన్యం నుంచి వచ్చిన ఇద్దరు లాయర్లు: లామార్, అకర్‌మన్

అమెరికా అంతర్యుద్ధంలో ఇద్దరూ దేశం నుంచి విడిపోయి బానిసత్వాన్ని నిలబెట్టాలన్న దక్షిణాది రాష్ట్రాల (కాన్ఫెడరేట్) సైన్యంలో పనిచేసినవాళ్లే. తేడా ఓడిపోయాకే బయటపడింది.

అమెరికా నుంచి మిసిసిపీ రాష్ట్రం విడిపోవాలన్న తీర్మానం రాసిన లామార్, 1874లో చనిపోయిన బానిసత్వ వ్యతిరేకి, సెనేటర్ సమ్నర్‌కు అమెరికా కాంగ్రెస్‌లో నివాళి అర్పించి దేశమంతటా మెప్పు పొందాడు. మరుసటి ఏడాదే లామార్‌కు చెందిన డెమోక్రటిక్ పార్టీ మిసిసిపీలో నల్లవాళ్లను బెదిరించి, చంపి మరీ గెలిచింది. 1888లో లామార్ సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు.

నా మటుకు నాకు జార్జియా లాయర్ అకర్‌మనే గొప్పవాడు. ఆయనా బానిసలను ఉంచుకున్నవాడే. కానీ అమెరికా ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి (అటార్నీ జనరల్)గా 1871లో దక్షిణ కరోలినాకు స్వయంగా వెళ్లి, నల్లవాళ్లను హింసించే తెల్లవాళ్ల రహస్య ముఠా కు క్లక్స్ క్లాన్ దాడుల సాక్ష్యాలు పరిశీలించాడు. తొమ్మిది కౌంటీల్లో హెబియస్ కార్పస్‌ను (అరెస్టయినవాళ్లు తమ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కును) అధ్యక్షుడు గ్రాంట్ నిలిపేశాక వందలమంది అరెస్టయ్యారు. ఆ డిసెంబరులోనే గ్రాంట్ అకర్‌మన్‌ను రాజీనామా చేయమన్నాడు.