మగ్గం మీద చదివిన ఊరు: డండీ

స్కాట్లండ్‌లో పూర్వీకుల వివరాలు వెతకడానికి వెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట. ఎవరికో డబ్బు కట్టి వంశవృక్షం రాయించుకోకండి. మా వియ్యపురాలు 240 పౌండ్లు కట్టారు. చేతికొచ్చింది వేరేవాళ్ల వంశం.

మొన్న జూన్‌లో ముగ్గురం వెళ్లాం: నేను, మావారు, మా వియ్యపురాలు. ఆవిడది అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పాటకెట్. ఆవిడ ముత్తవ్వ స్కాట్లండ్ తూర్పు తీరంలోని డండీలో జూట్ మిల్లు స్పిన్నరుగా పనిచేసింది. స్కాట్లండ్‌లోనే ఉన్న పైస్లీ ఊరి దారం మిల్లు అబ్బాయిని పెళ్లి చేసుకుని పాటకెట్ వెళ్లిపోయింది. పైస్లీకి చెందిన కోట్స్ కంపెనీ 1870 ప్రాంతంలోనే పాటకెట్ దారం మిల్లుల్లోకి దిగింది కాబట్టి పనివాళ్లూ వెంట వెళ్లారు. ముత్తవ్వ తమ్ముడు మాత్రం ఇటు తూర్పుకు, కలకత్తాకు వచ్చాడు. వాళ్లింట్లో అతని ఫొటో ఒక్కటే మిగిలింది. తెల్ల బట్టలు, వెనకాల నది.

మావారు వచ్చిన కారణం వేరు. ఆయన చిట్టివలస జూట్ మిల్లులో 22 ఏళ్లు ఫిట్టరు. మగ్గం పక్క ఫ్రేము మీద పోత ఇనుములో 'అర్కర్ట్ లిండ్సే, డండీ' అని అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండేవట. గ్రీజు తుడిచినప్పుడల్లా ఆ పేరు చదువుకునేవారు. ఆ ఊరు ఎలా ఉంటుందో చూడాలని ఆయనకు అప్పటి నుంచీ ఉంది.

ఇక ఆ 240 పౌండ్ల సంగతి. ఆన్‌లైన్‌లో దొరికిన ఒక పరిశోధకుడు 14 పేజీల ఫైలు పంపాడు. రంగుల బొమ్మలు, పైన రాజముద్రలాంటి గుర్తు. అందులో తమ్ముడి పేరుంది, పుట్టిన సంవత్సరం సరిపోయింది, ఊరూ డండీయే. కానీ ఆ మనిషి కెనడా వెళ్లి అక్కడే పోయాడని రాశాడు. మరి కలకత్తా ఫొటో ఎవరిది? అడిగితే జవాబు లేదు. రెండో మెయిల్‌కు, ఇంకా వెతకాలంటే మరో 90 పౌండ్లు కట్టమన్నాడు.

ఎడిన్‌బరోలో ప్రిన్సెస్ స్ట్రీట్ చివర జనరల్ రిజిస్టర్ హౌస్ ఉంది. అక్కడి స్కాట్లండ్స్‌పీపుల్ సెంటర్‌లో రోజుకు 15 పౌండ్లు కడితే పుట్టుక, పెళ్లి, చావు రికార్డులు ఎన్నయినా చూసుకోవచ్చు. సీటు ముందే బుక్ చేసుకోండి. ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్‌లో చూస్తే ఒక్కో కాగితానికి ఒకటిన్నర పౌండు. అందులో తప్పు మనిషి కాగితాలకూ డబ్బు పోతుంది కాబట్టి నేనైతే సెంటర్‌కే వెళ్లమంటాను. సాయం అడిగితే అక్కడి ఉద్యోగి విసుక్కోకుండా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

స్కాట్లండ్‌లో 1855 నుంచి ప్రభుత్వ రిజిస్టర్లు ఉన్నాయి. పెళ్లి కాగితంలోనూ మరణ కాగితంలోనూ తల్లిదండ్రులిద్దరి పేర్లు రాస్తారు. తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది. మనలాగే వాళ్లకూ తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఉంది. అందుకే ఒకే వీధిలో ఒకే పేరుతో ముగ్గురు నలుగురు పిల్లలు దొరుకుతారు. వాళ్లను విడదీసేది తల్లి పుట్టింటి పేరే. మేం ముత్తవ్వ పెళ్లి కాగితం తీశాం. తల్లి ఇంటిపేరు చూశాం. ఆ ఫైల్లో ఉన్నది అది కాదు! పది నిమిషాల్లో తేలిపోయింది. డబ్బు తీసుకున్నవాడు ఆ పది నిమిషాలు కూడా పెట్టలేదు. వదిన గారు మధ్యాహ్నం ఏమీ తినలేదు. "మూడు నెలలు వేరేవాళ్ల తాతలకు దండం పెట్టుకున్నాను" అన్నారు.

సాయంత్రానికి అసలు తమ్ముడు దొరికాడు. 1901 జనాభా లెక్కల్లో 17 ఏళ్లు, జూట్ మిల్లులో పని. 1911 లెక్కల్లో ఆ ఇంట్లో లేడు.

ఎందుకు వెళ్లిపోయాడో డండీ వెళ్లాక అర్థమైంది. ఆ ఊరి మిల్లుల్లో ఆడవాళ్లే ఎక్కువ. మగపిల్లలను తక్కువ కూలికి పెట్టుకుని, 18 నిండి పెద్దవాళ్ల కూలి ఇవ్వాల్సి వచ్చేసరికి తీసేసేవారు. పని లేక ఇంట్లో ఉండే మగవాళ్లను 'కెటిల్ కాచేవాళ్లు' అనేవారు. కలకత్తా దగ్గర హుగ్లీ నది ఒడ్డున 1855లో రిష్రాలో మొదటి మిల్లు మొదలైంది, యంత్రాలు డండీ నుంచే వచ్చాయి. తర్వాత మిల్లులు పెరిగేకొద్దీ ఓవర్సీర్లు, మెకానిక్కులు, మేనేజర్లుగా డండీ మగవాళ్లకు పిలుపు వచ్చింది. వెళ్లినవాళ్లను ఊళ్లో 'జూట్ వాలా' అనేవారు. ఆ కలకత్తా మిల్లులతో పోటీపడలేకే డండీ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. చివరిది 1999లో ఆగింది.

ఎడిన్‌బరో నుంచి డండీ రైల్లో గంటన్నర లోపే. టే నది వంతెన మీద తూర్పు వైపు, అంటే డండీ వెళ్లేటప్పుడు కుడివైపు, కిటికీ పక్కన కూర్చోండి. 1879లో రైలుతో సహా కూలిన పాత వంతెన మొండి స్తంభాలు కనిపిస్తాయి. మేం దిగింది డండీ శివారు బ్రాటీ ఫెర్రీలో గెస్ట్‌హౌస్, గది టిఫిన్‌తో కలిపి 95 పౌండ్లు, ఏ లోటూ లేదు. డండీలోని వి అండ్ ఎ అనే డిజైన్ మ్యూజియంలోకి ప్రవేశం ఉచితమే కానీ మిల్లుల కోసం వెళ్లేవాళ్లు అక్కడ గంట కంటే ఎక్కువ ఉండక్కర్లేదు.

వెర్డంట్ వర్క్స్‌కు మాత్రం సగం రోజు కేటాయించండి. 1833లో కట్టిన మిల్లును మ్యూజియం చేశారు. ఆ ఊళ్లోనే మ్యూజియంగా ఉంచిన పాత ఓడ డిస్కవరీతో కలిపి టికెట్ తీసుకుంటే కలిసొస్తుంది. లోపలికి అడుగు పెట్టగానే మావారు ఆగిపోయారు. "ఇదే వాసన" అన్నారు. నార మెత్తబడడానికి నూనె, నీళ్లు పట్టిస్తారు కదా, ఆ వాసన. డండీలో మొదట్లో తిమింగలం నూనె వాడేవారట. తిమింగలాల వేట ఓడలు ఆ ఊరి రేవులోనే ఉండేవి.

అక్కడ యంత్రాలు నడిపి చూపిస్తారు. ఒకప్పుడు మిల్లులో నేతపని చేసిన పెద్దావిడ ఒకరు వివరిస్తున్నారు. మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి పెదాలు చూసి, చేతి సైగలతో మాట్లాడుకునేవాళ్లమని చెప్పారు. మావారికి ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఆయన ముందుకెళ్లి, దారం తెగింది, మిషను ఆపు అని చేత్తో చూపించారు. ఆవిడ వెంటనే చేత్తోనే జవాబు చెప్పారు! సైగలు కొన్ని వేరు, కొన్ని అవే. అరగంట సేపు ఇద్దరూ అలా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎక్కడి నుంచి వచ్చారని ఆవిడ అడిగితే నేను మగ్గం మీది అక్షరాల గురించి చెప్పాను. ఆవిడ మావారి రెండు చేతులూ పట్టుకున్నారు. మా పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లు. ఆయన కళ్లలో నీళ్లు నేను చూసింది రెండోసారి.

డండీలోనే లోకీ అనే పేటలో కాక్స్ స్టాక్ కూడా చూడండి. 282 అడుగుల పొగగొట్టం, రంగురంగుల ఇటుకలతో గుడి గోపురంలా ఉంటుంది. దాని కింద ఉన్న క్యాంపర్‌డౌన్ మిల్లు 1981లో మూతపడింది.

చివరి రోజు నగర ఆర్కైవ్స్‌లో శ్మశానం రిజిస్టరు చూపించారు. ముందే మెయిల్ పెట్టి వెళ్లాం కాబట్టి అన్నీ తీసి ఉంచారు. దాని సాయంతో శ్మశానానికి వెళ్తే ముత్తవ్వ తల్లిదండ్రుల సమాధి దొరికింది. రాయి కింది భాగం గడ్డిలోకి దిగిపోయింది. మావారు మోకాళ్ల మీద కూర్చుని చేత్తో గడ్డి తీశారు. తల్లి పేరు పక్కన ఆమె పుట్టింటి ఇంటిపేరు ఉంది. దాని కింద కొడుకు పేరు, ఆ తర్వాత 'కలకత్తాలో మరణించాడు' అన్న మాట. "చెల్లెమ్మా, ఇదిగో" అని పిలిచారు.

విదేశంలో పోయినవాళ్ల సమాధి అక్కడే ఉంటుంది. కలకత్తాలో కరయా రోడ్డులో 1820 నాటి స్కాటిష్ శ్మశానం ఉంది. వదిన గారు జనవరిలో విశాఖ వస్తున్నారు. కోరమాండల్‌లో ముగ్గురికీ టికెట్లు చేయించే పని మావారు అప్పుడే నెత్తిన వేసుకున్నారు.