గెట్‌ఇమేజ్‌సైజ్, దాని మాన్యువల్ పేజీ: ఏళ్ల తరబడి వాడాక

అనంతపురంలో మేం చేసే పనిలో ఎక్కువ భాగం ధర్మవరం పట్టుచీరల వ్యాపారులకు వెబ్‌సైట్లు కట్టివ్వడమే. చీర ఫోటో సరిగ్గా కనబడకపోతే బేరమే లేదు. అందుకే వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో బొమ్మ కొలతలు చెప్పే గెట్‌ఇమేజ్‌సైజ్ (getimagesize) ఫంక్షన్‌తో మాకు రోజూ పనే. ఏళ్ల తరబడి వాడాక చెప్తున్నా: ఫంక్షన్ మంచిది, పీహెచ్‌పీ మాన్యువల్‌లో దాని గురించి రాసిన పేజీ ఇంకా మంచిది. ఒక్క విషయంలో మాత్రం ఆ పేజీ ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది.

ఫైలు ఎక్కడుందో చెబితే ఒక ఎర్రే (విలువల వరస) తిరిగొస్తుంది. మొదట వెడల్పు, తర్వాత ఎత్తు, ఆ తర్వాత ఫైలు రకానికి ఒక అంకె: జిఫ్‌కి 1, జేపెగ్‌కి 2, పీఎన్‌జీకి 3. ఇమేజ్ ట్యాగులో నేరుగా పెట్టుకునే కొలతల స్ట్రింగు, మైమ్ టైపు (image/jpeg లాంటి ఫైలు రకం పేరు) కూడా అందులోనే ఉంటాయి. బొమ్మలను మార్చడానికి వాడే జీడీ లైబ్రరీ లేకపోయినా నడుస్తుంది, కాబట్టి చవక హోస్టింగ్ తీసుకున్న కస్టమర్లకూ ఇబ్బంది లేదు. ఫైలు పేరు చివర ఏముందో ఇది పట్టించుకోదు, లోపలి బైట్లనే చూస్తుంది. పీఎన్‌జీ అయితే మొదటి 24 బైట్లలోనే రకం, వెడల్పు, ఎత్తు అన్నీ దొరుకుతాయి. బొమ్మ మొత్తం విప్పే పని లేదు కాబట్టే అంత వేగం.

ఆ పేజీలో నాకు బాగా నచ్చింది హెచ్చరిక. ఇచ్చిన ఫైలు నిజమైన బొమ్మే అనుకుని ఈ ఫంక్షన్ పనిచేస్తుందనీ, బొమ్మ కానిదిస్తే అర్థంలేని కొలతలు కూడా ఇవ్వవచ్చనీ, ఫైలు అసలైనదో కాదో తేల్చడానికి దీన్ని వాడొద్దనీ, అందుకు ఫైలు రకం గుర్తించే ఫైల్‌ఇన్ఫో ఉందనీ సూటిగా రాశారు. ఫైలు మొదట్లో జిఫ్ సంతకం (ఆ రకాన్ని చెప్పే తొలి బైట్లు) పెట్టి, వెనకాల పీహెచ్‌పీ కోడ్ దాచినా ఇది వెడల్పు, ఎత్తు చెప్పేస్తుంది. ఫంక్షన్ ఏం చేస్తుందో అందరూ రాస్తారు. ఏం చేయదో రాసిన డాక్యుమెంటేషన్ మీదే నాకు నమ్మకం. మా అప్‌లోడ్ కోడ్‌లో ముందు ఫైల్‌ఇన్ఫో చూస్తాం, తర్వాత బొమ్మను కొత్తగా సేవ్ చేస్తాం, అప్‌లోడ్ ఫోల్డర్‌లో స్క్రిప్టులేవీ నడవకుండా ఆపేస్తాం.

ఇక ఆ ఒక్క విషయం. షాపులో చీరను దండెం మీద వేలాడేసి, ఫోన్ నిలువుగా పట్టుకుని ఫోటో తీస్తారు. చాలా ఫోన్లు ఆ బొమ్మను అడ్డంగానే దాచి, చూపించేటప్పుడు తిప్పమని ఎక్సిఫ్‌లో (ఫోటోతో పాటే ఫైల్లో ఉండే వివరాల్లో) ఒక గుర్తు పెడతాయి. గెట్‌ఇమేజ్‌సైజ్ ఆ గుర్తును లెక్కలోకి తీసుకోదు. స్క్రీన్ మీద 3000 వెడల్పు, 4000 ఎత్తుతో కనబడే ఫోటోకి 4000, 3000 అని చెబుతుంది. ఆ లెక్కతో పేజీలో చోటు వదిలితే చీర అడ్డంగా సాగిపోతుంది, లేదంటే కొంగు కిందికి తెగిపోతుంది. కొంగు కనబడని పట్టుచీర ఎవరు కొంటారు? వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలతో ఈ గొడవ రాదు, డాక్యుమెంట్‌గా పంపినవాటితోనే వస్తుంది. అందుకే కొన్ని చీరలు బాగుండి కొన్ని పాడై కనబడతాయి, కారణం ఓ పట్టాన దొరకదు. ఆ గుర్తులోని అంకె, అంటే ఓరియెంటేషన్ విలువ, 5 నుంచి 8 మధ్య ఉంటే వెడల్పు, ఎత్తు తారుమారు చేసుకోవాలి. ఈ ముక్క హెచ్చరిక పక్కనే, అంతే పెద్దగా ఉండాలని నా కోరిక.

మా దగ్గర ఈ ఫంక్షన్‌ని నేరుగా కాల్ చేయం. మేం రాసుకున్న చిన్న ఫంక్షన్ గుండా వెళ్తాం, దాని పైన తెలుగులోనే కామెంట్ ఉంటుంది: "ఫైల్లో ఉన్న కొలతలు చెబుతుంది, కంటికి కనబడే కొలతలు కాదు. చదవలేకపోతే ఫాల్స్ ఇస్తుంది, ముందు అది చూడండి. బొమ్మ అసలైనదా అని దీన్ని అడగొద్దు." కొత్తగా చేరిన పిల్లలు కోడ్ కంటే ముందు ఇదే చదువుతారు, టెన్షన్ లేకుండా పనిలో పడతారు.

మాన్యువల్ పేజీలోని పీహెచ్‌పీ వెర్షన్ల పట్టిక కూడా చూడకుండా వదలొద్దు. వెబ్‌పీ అనే బొమ్మల రకాన్ని గుర్తించడం 7.1 నుంచి మొదలైంది. ఏవిఫ్ అనే ఇంకో రకానికి 8.2 నుంచే అసలు కొలతలు వస్తాయి, అంతకుముందు వెడల్పూ ఎత్తూ రెండూ సున్నాలే. కస్టమర్ ఏవిఫ్ ఫోటోలు పెడతానంటే, ఒప్పుకునే ముందు వాళ్ల సర్వర్‌లో ఏ వెర్షన్ ఉందో చూసుకోండి.