నెలకొక సోమవారం: ఆత్మహత్య వల్ల అయినవారిని పోగొట్టుకున్నవారి సమావేశంపై నా అభిప్రాయం

మా తమ్ముడు హైదరాబాదులో తన ప్రాణం తాను తీసుకున్న పదమూడు నెలలకు, ఉత్తర ఇంగ్లండులో నేను ఉండే ఊళ్లో, ఒక చర్చి వెనుక హాలులో నెలకోసారి జరిగే సమావేశానికి మొదటిసారి వెళ్లాను. దీన్ని నడిపేది ‘సర్వైవర్స్ ఆఫ్ బిరీవ్‌మెంట్ బై సూసైడ్’ అనే స్వచ్ఛంద సంస్థ. 1991లో ఆలిస్ మిడిల్టన్ ప్రారంభించిన ఈ సంస్థను ఇక్కడ అందరూ పొట్టిగా ‘సోబ్స్’ అంటారు. పద్దెనిమిదేళ్లు నిండి, ఆత్మహత్య వల్ల అయినవారిని కోల్పోయిన ఎవరైనా రావచ్చు. డాక్టరు చీటీ అక్కరలేదు, రుసుము లేదు. ఏడాదిన్నరగా దాదాపు ప్రతి నెలా వెళ్తున్నాను కనుక, బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి పనికివస్తుందని ఇది రాస్తున్నాను. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది మొదటి నియమం. అందువల్ల ఇతరుల కథలేవీ ఇందులో ఉండవు.

గుండ్రంగా వేసిన పది పన్నెండు కుర్చీలు, గోడవారగా టీ కెటిల్, బిస్కెట్లు, మధ్యలో ఒక చిన్న బల్ల, దాని మీద టిష్యూల పెట్టె. మొదటి రోజు నా పేరు చెప్పి, తమ్ముడి పేరు చెప్పబోయి ఏడ్చేశాను. ఎవరూ లేవలేదు, ఆ పెట్టెను నా వైపు జరపలేదు, భుజం మీద చేయి వేయలేదు. వీళ్లకు మర్యాద తెలియదనుకున్నాను. మన ఇళ్లలో అయితే ఈపాటికి నలుగురు చుట్టూ చేరి ‘ఊరుకో అమ్మా, ఊరుకో’ అనేవారు. టిష్యూ చేతికి అందిస్తే ఏడుపు ఇక చాలించమన్నట్టు వినిపించవచ్చని, కావలసినవారు తామే తీసుకోవాలని పెట్టెను అందరికీ అందేలా ఉంచుతామని నిర్వాహకుడు తర్వాత చెప్పాడు. ఆ పదమూడు నెలల్లో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట ‘ఊరుకో’ అన్నదేనని ఆ రాత్రి ఇంటికి నడిచి వస్తుంటే తట్టింది.

సమావేశాన్ని నడిపేవారు కూడా ఇలాగే అయినవారిని పోగొట్టుకున్నవారే. ఇది కౌన్సెలింగ్ కాదని వారే ముందుగా చెబుతారు, సలహాలు ఇవ్వరు. ఒక్కొక్కరు తాము ఎవరిని, ఎప్పుడు కోల్పోయారో చెబుతారు. చెప్పాలని లేకపోతే వంతు పక్కవారికి వదిలేయవచ్చు. ఎలా జరిగిందన్న వివరాల్లోకి పోకుండా నిర్వాహకులు మాటను మెల్లగా మళ్లిస్తారు. ఇంగ్లీషులో ఈ మరణానికి జనం వాడే ‘కమిట్’ అన్న క్రియను అక్కడ వాడరు. ఇంగ్లండులో 1961 దాకా ఆత్మహత్య నేరం, ఆ మాటకు ఇంకా ఆ వాసన అంటుకొని ఉందని వారి భావన. మన పత్రికలు రాసే ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అన్న వాక్యం నాకు అప్పుడే మొదటిసారి గుచ్చుకుంది; దొంగతనానికి పాల్పడతారు, దాడికి పాల్పడతారు, మా తమ్ముణ్ణి వారి వరుసలో ఎందుకు నిలబెట్టాలి?

ఇక్కడివారి దుఃఖానికి మనకు తెలియని ఒక బరువు ఉంది. అనుమానాస్పద మరణాలకు కారణం తేల్చే అధికారిని ఇక్కడ కరోనర్ అంటారు; ఆ కరోనర్ విచారణ ఆరు నెలల్లో ముగియాలని 2013 నాటి నిబంధనలు చెబుతున్నా, అది ఎన్నో కుటుంబాలకు అంతకన్నా ఎక్కువ కాలం సాగుతుంది. పైగా అది బహిరంగ విచారణ, విలేఖరులూ వచ్చి కూర్చోవచ్చు. మాకు పంచనామా, పోస్టుమార్టం, దహనం అన్నీ ఒకటిన్నర రోజులో అయిపోయాయి. నేను విమానం దిగేసరికి చూడటానికి ఏమీ మిగలలేదు. ఏది మేలో తేల్చలేను.

నన్ను ఇన్నాళ్లు అక్కడికి రప్పించింది మాత్రం ఆ ‘నెలకోసారి’ అన్న లెక్క. మన సంప్రదాయంలో మొదటి ఏడాది మాసికాలు పెడతారు. ఇంటిల్లిపాదీ నెల తిరిగేసరికి ఒకచోట చేరి, పోయినవారి పేరు, గోత్రం నోటితో పలుకుతారు. మా ఇంట్లో పెద్దకర్మే చాటుగా జరిగింది, మాసికాలు తప్పించేశారు, బంధువులతో ‘గుండెపోటు’ అన్నారు. తమ్ముడి పేరు నెలకోసారి పైకి పలికే చోటు నాకు ఆ చర్చి హాలులో దొరికింది.

లోట్లు లేవని అనను. నెల అన్నది చాలా పొడుగు. రెండో వారంలో కుంగిపోతే నాలుగో వారం దాకా ఆగాలి. మరీ కొత్తగా పోగొట్టుకున్నవారికి ఒకే సాయంత్రం అంతమంది దుఃఖం వినడం భారమవుతుంది. మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడతారు. ‘అక్కా, ఫోన్ చేస్తా’ అని చెప్పి వాడు చేయలేదు. దాన్ని ఇంగ్లీషులో చెబితే, వారికి ‘అక్క’ అన్న మాటకు ఒక బంధుత్వం పేరు మాత్రమే దొరుకుతుంది. అయినా, నేను వెళ్లిన ఒక క్లినిక్‌లో నిద్రమాత్రలు రాసి వెయిటింగ్ లిస్టులో పెట్టారే తప్ప ఇలాంటి సమావేశం ఒకటి ఉందని చెప్పలేదు; ఒక సహోద్యోగిని చెబితే తెలిసింది.

మన వైపు చూస్తే, మదురైలో నందినీ మురళి భర్తను కోల్పోయాక ఎం.ఎస్. చెల్లముత్తు ట్రస్టు ఆధ్వర్యంలో ‘స్పీక్’ మొదలుపెట్టి ఈ పనే చేస్తున్నారు. చెన్నైలో లక్ష్మీ విజయకుమార్ 1986లో స్థాపించిన ఆత్మహత్యల నివారణ సంస్థ ‘స్నేహ’ సంగతి చాలామందికి తెలిసిందే. మా అమ్మలాంటివారు తెలుగులో మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. బ్రిటన్‌లో అర్ధరాత్రి భరించలేనట్టయితే, బాధలో ఉన్నవారి మాట ఫోన్‌లో వినే సమారిటన్స్ అనే స్వచ్ఛంద సంస్థకు 116 123కి చేయవచ్చు. అయితే ఫోన్‌లో వినేవారు వేరు, మన ఎదుటి కుర్చీలో కూర్చున్న, మనలాంటిదే జరిగినవారు వేరు.

అమ్మకు ఈ సమావేశం గురించి చాలాకాలం చెప్పలేదు. చెప్పాక రెండు నెలలు ఆ ఊసే ఎత్తలేదు. ఇప్పుడు ఆ సోమవారం రాత్రి, అక్కడ తెల్లవారుజాము మూడైనా, మేలుకొని ఫోన్ చేస్తుంది. ‘ఇవాళ మన చిన్నోడి గురించి ఏం చెప్పావే?’ అని అడుగుతుంది.