బారెల్ వైస్, యాక్షన్ రెంచి: పన్నెండేళ్లు వాడాక

రాజమండ్రిలో లైసెన్సున్న తుపాకుల రిపేరు షాపులో బెంచీ మీద పని నాది. తుపాకీ గొట్టాన్ని, అంటే బారెల్‌ని, వెనక ఉండే బాడీలోకి మరతో బిగించి ఉంచుతారు. దాన్ని ఊడదీయాలంటే బారెల్‌ని వైస్‌లో బిగించి, బాడీని (దాన్నే యాక్షన్ అంటారు) రెంచితో తిప్పాలి. ఆ పని రోజూ రాదు. పన్నెండేళ్లలో ముప్పై కూడా దాటి ఉండవు. వచ్చిన రోజు మాత్రం మధ్యాహ్నం అన్నం సంగతి మర్చిపోవాలి. ఎక్కువగా వచ్చేవి మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల .315 రైఫిళ్లు, పాత బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతివి. లంక ఊళ్ల నుంచి, కోనసీమ నుంచి వస్తాయి. అక్కడి చెమ్మకి, ఉప్పుగాలికి బారెల్, బాడీ కలిసే చోట సన్నటి తుప్పు గీత పడుతుంది. 2024 ఎన్నికలకి డిపాజిట్ చేసి వెనక్కి తెచ్చుకున్నవాటిలో కొన్ని మరీ అన్యాయంగా ఉన్నాయి.

మొదట రెంచి గొప్పదైతే చాలనుకున్నాను. రెండడుగుల పిడి, గట్టి ఉక్కు, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. వైస్ మాత్రం మామూలు బెంచ్ వైసే, దవడలకి రేకు తొడిగి వాడాను. రెంచి గుంజితే బెంచీయే నా వెంట నడిచొచ్చింది. బెంచీని నేలకి బోల్టులతో బిగించాక ఈసారి బారెల్ తిరిగింది, బాడీలోంచి ఊడి కాదు, దవడల మధ్య జారి. నల్లరంగు చుట్టూతా గీరుకుపోయి ఉంగరంలా తెల్లగా పడింది. రైఫిల్ తాలూకు రైతు చూసి, "ఏవండీ, పలుపు ఒరిసిన గేదె మెడలా ఉందేంటండీ ఇది?" అన్నాడు. రంగు మళ్లీ వేయించిన ఖర్చు నాదే.

ఆ తర్వాత లేత్ షాపులో అసలైన బారెల్ వైస్ చేయించాను. రెండు మందపాటి ఉక్కు పలకలు, నాలుగు బోల్టులు, మధ్యలో బారెల్‌ని పట్టే రెండు సగం దిమ్మలు. ప్రాణమంతా ఆ దిమ్మల్లోనే ఉంది. అల్యూమినియంవి తిన్నటి బారెల్‌కి బాగానే పట్టాయి. కొనకి సన్నబడే బారెల్ మీద ఒక అంచే ఆనింది, మిగతాది గాలి. తాటి దిమ్మలు ప్రయత్నించాను, నార నారగా విడిపోయాయి. చివరికి నల్లతుమ్మ. అది కొద్దిగా నలిగి బారెల్ ఆకారాన్ని తనే తెచ్చుకుంటుంది. బారెల్‌ని స్పిరిట్‌తో నూనె చుక్క లేకుండా తుడిచి, వయొలిన్ కమానుకి రాసే రోజిన్‌ని పొడి చేసి దిమ్మలకి అద్దుతాను. పట్టు ఒక్కసారిగా మారిపోతుంది. పని అయ్యాక స్పిరిట్‌తో తుడిస్తే జాడ ఉండదు.

రెంచిల్లో రెండు రకాలూ వాడాను. రైఫిల్ బోల్ట్, అంటే తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ, దూరే దారిలోంచి లోపలికి వెళ్లేది చేతికి సుళువు. బయటినుంచి బాడీ ముందు భాగాన్ని, అంటే మరలు ఉండే చోటునే, గట్టిగా పట్టేది నాకు ఇష్టం. బాడీని వెనక ఎక్కడో పట్టుకుని బలం పెడితే అది మెలితిరిగే ప్రమాదం ఉంది, మెలితిరిగిన బాడీ పాత ఇనుమే. ఒకసారి మౌజర్ 98 అనే జర్మన్ రకం రైఫిల్ వచ్చింది, అంగుళానికి పన్నెండు చుట్ల మర, చక్కగా వచ్చేసింది. అన్నీ అలా మర్యాదగా రావు.

ఊడదీసే ముందు బారెల్, బాడీ రెండింటి మీదుగా సన్నటి గీత గీయడం నా అలవాటు, మళ్లీ బిగించేటప్పుడు అది ఎక్కడికి వచ్చిందో చూడొచ్చు. అయినా హెడ్‌స్పేస్, అంటే బోల్ట్ మూశాక తూటాకి మిగిలే చోటు, గేజీలు పెట్టి కొలవకుండా బయటకి పంపను. మొండికేసినవాటికి డీజిలూ కిరసనాయిలూ కలిపి రెండు రోజులు నానబెడతాను. వేడి నీళ్లు పోస్తే కొన్ని లొంగుతాయి. గ్యాస్ మంట దగ్గరికి రానివ్వను. ఉక్కు నీలం తిరిగే 300 డిగ్రీల దాకా పోతే బాడీకి ఫ్యాక్టరీలో కాల్చి ఇచ్చిన గట్టిదనం పాడయ్యే భయం. పిడిని మెల్లగా లాగడం కన్నా సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే మంచిదని ఆలస్యంగా తెలుసుకున్నాను. లాగుతూ ఉంటే దిమ్మలు జారుతాయి, దెబ్బకి మర వదులుతుంది.

బారెల్ ఎలాగూ పనికిరానిదైతే ఇంత తంటా ఎందుకు? లేత్ మీద పెట్టి, బాడీకి ఆనే భుజం ముందు సన్నటి గాడి కోస్తే బిగువంతా పోతుంది, తర్వాత చేత్తోనే తిరిగొస్తుంది. మొన్న ఆగస్టులో ఒకటి అలాగే తీశాను, రెంచి గోడ మీదే ఉండిపోయింది.

కొనే వాళ్లకి చెప్పాలంటే డబ్బు వైస్ మీద పెట్టండి, రెంచి చవకదైనా ఫరవాలేదు. ఇదంతా లైసెన్సు షాపు పనే, ఇంట్లో పెట్టుకునేది కాదు, చట్టం ఒప్పుకోదు. తుమ్మ దిమ్మలు ఏడాదికి ఒక జత మారుస్తాను. పాత అల్యూమినియం దిమ్మలు బిల్లు పుస్తకం మీద ఉన్నాయి, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా.